నేపాల్ పిల్లల మిషన్ ట్రిప్: ఊళ్లో గడిపిన రోజులకి ఐదు, చివరి పూటకి సున్నా

విజయనగరం, శ్రీకాకుళం చర్చిల్లో ఈమధ్య ఒక పాంప్లెట్ బాగా తిరుగుతోంది. పైన "పిల్లల మధ్య పరిచర్యకు విదేశీ మిషన్ ట్రిప్" అని పెద్ద అక్షరాలు, వెనక మంచుకొండ, ముందు చలికి బుగ్గలు పగిలిన ఒక పాప. కిందటి దసరా సెలవుల్లో నేను ఆ ట్రిప్‌కి వెళ్లొచ్చాను. అప్పటినుంచీ సండే స్కూల్ టీచర్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి "అన్నా, వెళ్లొచ్చా, డబ్బులు దండగా?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాసేస్తున్నాను.

ముందే తేల్చేస్తాను. ఊళ్లో పిల్లలతో గడిపిన రోజులకి ఐదుకి ఐదు. ప్రయాణానికి మూడు. చివర్లో ఖాట్మండూలో పిల్లల హోముకి తీసుకెళ్లారే, ఆ పూటకి సున్నా. మొత్తం మీద మూడు స్టార్లు అనుకోండి. అయితే సగటు చూసి పేరివ్వడమో మానేయడమో చేయకండి, కింద వివరం చదవండి.

సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లంటే మొహమాటం ఉండి కాదు. పేరు రాస్తే ఎవరో ఒకరు వెతికి, వాళ్లు పనిచేసే ఊరేదో, ఆ ఊరి పాస్టరుగారెవరో పట్టేస్తారు. నేపాల్‌లో అది చిన్న విషయం కాదు. ఎందుకో తర్వాత చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. విజయనగరం కోట జంక్షన్‌కి దగ్గర్లో ఫోటో స్టూడియో నడుపుతాను. పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సులు, పెళ్లిళ్లు. ఆదివారం చర్చిలో చిన్నపిల్లల క్లాసు నాది, ఎండాకాలం వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) కూడా. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఇంటింటికీ చుట్టాలు దిగే ఆ వారంలో స్టూడియో వదిలి ఊరెళ్లే ఫోటోగ్రాఫరు విజయనగరంలో ఉండడు. "ఏటి బావా, సిరిమాను బేరం ఒగ్గేసి ఎల్తావేటి?" అని మా బామ్మర్ది ఒకటికి రెండుసార్లు అడిగాడు. షాపు వాడికే అప్పజెప్పి వెళ్లాను. కాబట్టి ట్రిప్‌కి నేను కట్టిన 27,000 రూపాయలకి ఆ వారం బేరం కూడా కలుపుకుని చదవండి.

ఆ 27,000లో రానూపోనూ స్లీపర్ టిక్కెట్లు, సరిహద్దు నుంచి సుమో, బస, తిండి, ఒక టీషర్టు, ఒక వీబీఎస్ కిట్ ఉన్నాయి. ఇన్సూరెన్స్ లేదు. కొండ రోడ్ల మీద సుమోల్లో తిప్పుతూ ఇన్సూరెన్స్ చేయించకపోవడం ఏమిటని అడిగితే "దేవుడే కాపాడతాడు బ్రదర్" అన్నారు. దేవుడి మీద నమ్మకం నాకూ ఉంది. బండికి మాత్రం ప్రతి ఏడూ ఇన్సూరెన్స్ కడుతున్నాను.

ప్రయాణం ఇలా ఉంటుంది. విజయనగరంలో హౌరా బండి ఎక్కాలి, హౌరాలో మిథిలా ఎక్స్‌ప్రెస్‌కి మారాలి, బీహార్‌లో చిట్టచివర రక్సౌల్‌లో దిగాలి. రెండు బళ్ల మధ్య హౌరాలో చాలాసేపు ఖాళీ. ఆడవాళ్లకైనా ఒక రూము తీసి ఉండాల్సింది, తీయలేదు. వెయిటింగ్ హాల్లో దుప్పట్లు పరుచుకుని సామాన్ల మీద చేతులేసుకుని కూర్చున్నాం. రక్సౌల్‌లో దిగాక దుమ్ము, హారన్లు, సరుకు లారీల వరస. అక్కడినుంచి ఈ-రిక్షాలో వంతెన దాటితే అవతల బీర్‌గంజ్, అంటే నేపాల్. విదేశీ ట్రిప్ అన్నారని మా టీములో ఒక తమ్ముడు కొత్త ట్రాలీ సూట్‌కేసు కొనుక్కొచ్చాడు పాపం. దేశం దాటింది ఈ-రిక్షాలో, ఆ సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని.

కాగితాల విషయం జాగ్రత్త. సంస్థ వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లో "ఏదైనా ఒక ఐడీ ప్రూఫ్" అని ఉంది. అది తప్పు. మనవాళ్లకి నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ 15 ఏళ్లలోపు పిల్లలకి, 65 దాటిన పెద్దలకి మాత్రమే చెల్లుతుంది. రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు కూడా పెట్టుకోండి, అక్కడ సిమ్ కార్డు కొనడానికి అడుగుతారు. (మా టీముకంతటికీ ముందే నేనే తీసిచ్చాను, ఫ్రీగానే.) డబ్బు లెక్క తేలిక. మన 100 వాళ్ల 160కి సమానం, ఆ రేటు మారదు. ధర అడిగితే "ఐసీయా, ఎన్సీయా?" అంటారు. ఐసీ అంటే మన రూపాయలు, ఎన్సీ అంటే వాళ్లవి. అది తేల్చుకోకుండా బేరమాడితే అరటిపళ్ల దగ్గర కూడా గొడవే. పెద్ద నోట్ల రూల్సు మారుతూ ఉంటాయి కాబట్టి 100 నోట్లు పట్టుకెళ్తే ఏ టెన్షనూ ఉండదు. గడియారం 15 నిమిషాలు ముందుకి తిప్పుకోండి.

ఇప్పుడు అసలు విషయం.

వెళ్లేముందు విశాఖలో ఒక పూట ఓరియెంటేషన్ పెట్టారు. పాటలు, ప్రార్థన, టీషర్టు కొలతలు, పోయిన టీముల వీడియో. అంతా బాగుంది. నేపాల్ చట్టం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అది చెప్పింది సరిహద్దు దాటాక, హెటౌడాలో లాడ్జి గదిలో, రాత్రి భోజనాలయ్యాక. 2015లో వచ్చిన వాళ్ల రాజ్యాంగంలోనే ఒకరి మతం మార్చడాన్ని నిషేధించారు. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న కొత్త శిక్షాస్మృతిలో 158వ సెక్షన్ ప్రకారం మతం మార్చినా, మార్చమని ప్రోత్సహించినా ఐదేళ్ల వరకు జైలు, వాళ్ల రూపాయల్లో 50,000 వరకు జరిమానా. చేసినవాడు విదేశీయుడైతే శిక్ష పూర్తయ్యాక ఏడు రోజుల్లో దేశం నుంచి పంపేస్తారు. కాబట్టి మన పనంతా చర్చి ఆవరణలోనే, ఆ సంఘంవాళ్ల పిల్లలతోనే, వీధుల్లో పాటలు లేవు, కరపత్రాలు లేవు అని లీడర్ బ్రదర్ చెప్పారు. మాలో ఒకాయన సంచి నిండా హిందీ కరపత్రాలు తెచ్చుకున్నాడు. ఆ సంచి లాడ్జిలోనే ఉండిపోయింది.

చెప్పింది సబబే. ఎప్పుడు చెప్పారన్నదే నా గొడవ. డబ్బు కట్టకముందు చెప్పాల్సిన మాట అది, పాంప్లెట్ మీదే వేయాల్సిన మాట. పట్టుబడితే మనకి ఇబ్బందే, కానీ మనం ఎలాగో ఒకలాగ ఇంటికొస్తాం. ఆ పాస్టరుగారు ఎక్కడికెళ్తారు? 2021 జనాభా లెక్కల్లో నేపాల్‌లో క్రైస్తవులు 1.76 శాతం. చుట్టుపక్కల ప్రతివాడికీ ఎవరు చర్చికెళ్తారో తెలిసే ఊళ్లు అవి. వారం ఉండి పోయేవాళ్ల హడావిడికి ఏడాదంతా లెక్క చెప్పుకోవాల్సింది వాళ్లే.

మేం పనిచేసిన ఊరు హెటౌడా దాటి పైకి, దామన్ వెళ్లే దారిలో. 1950ల్లో మన ఇంజనీర్లు వేసిన త్రిభువన్ రాజపథం అది. మెలికలు తిరిగి తిరిగి ఎక్కుతుంది. సుమోలో వెనకసీట్లో కూర్చున్నవాళ్లకి వాంతులు తప్పవు, మాత్ర వేసుకునే ఎక్కండి. కూర్చోడానికి ముందుసీటు అడిగితే డ్రైవరు పక్కన ఇద్దర్ని కుక్కుతాడు, దానికన్నా మధ్యసీటే నయం. పైకెళ్లాక తమాంగ్ తెగవాళ్ల ఊళ్లు, బంగాళాదుంప చేలు, కాలీఫ్లవర్ మళ్లు, రేకు కప్పుల ఇళ్లు. మబ్బు లేని పొద్దున దామన్ నుంచి ఉత్తరం వైపు హిమాలయాల వరస మొత్తం కనిపిస్తుంది. టూరు కోసం వెళ్లేవాళ్లకి అది చాలేమో.

చర్చి కూడా రేకుల షెడ్డే. పాతది రాతిగోడలది, 2015 ఏప్రిల్ 25 భూకంపంలో పడిపోయిందట. ఆ రోజు శనివారం. నేపాల్‌లో వారం సెలవు శనివారం కాబట్టి ఆరాధన కూడా శనివారమే, పైగా భూకంపం వచ్చింది మధ్యాహ్నం 12కి కొద్దిగా ముందు. ఆ వేళకి జనం లోపలే ఉన్నారని పాస్టరుగారు చెప్పారు. ఎక్కువ చెప్పలేదు, మేమూ తరచి అడగలేదు. చెప్పులు బయట విడిచి, నేల మీద పరిచిన తివాచీ మీద మగవాళ్లొకవైపు ఆడవాళ్లొకవైపు కూర్చుంటారు. ఎదురుపడితే చేతులు జోడించి "జయమసీ" అంటారు. మన "వందనాలు" దగ్గర ఆగిపోయినవాళ్లు మా టీములో చివరిరోజు వరకు ఉన్నారు. మా తాతల కాలంలో ఈ జిల్లాలకొచ్చిన కెనడియన్ బాప్టిస్టు దొరలు, దొరసానులు ముందు తెలుగు నేర్చుకునే పనిలో కూర్చునేవారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి మాటలు వాళ్ల నోట పలికేవట. వారం కోసం భాష నేర్చుకోమని ఎవరూ అనరు. ఓరియెంటేషన్‌లో ఓ అరగంట పది మాటలు నేర్పిస్తే ఏం పోయింది?

దసరా వాళ్లకి దసైన్. ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పండగ, బడులకి పొడుగు సెలవులు. ఊరి మొదట్లో నాలుగు పొడుగాటి వెదుళ్లు పాతి, పైకొసలు కలిపికట్టి, గడ్డితో పేనిన తాళ్లతో ఉయ్యాల వేస్తారు, పింగ్ అంటారు. పిల్లలంతా పొద్దస్తమానం దాని చుట్టూ ఉంటారు. విజయదశమి నాడు పెద్దలు పిల్లల నుదుట పెరుగు, బియ్యం, కుంకుమ కలిపిన ఎర్రటి టీకా పెట్టి చేతిలో దక్షిణ డబ్బులు పెడతారు. చర్చికెళ్లే ఇళ్ల పిల్లలు టీకా పెట్టించుకోరు, కాబట్టి డబ్బులూ రావు. తోటి పిల్లలు జేబుల్లో నోట్లు లెక్కపెట్టుకుంటుంటే వీళ్లు చూస్తూ నిలబడాలి. ఆ సంఘం దసైన్ సెలవుల్లోనే పిల్లల శిబిరం పెట్టుకోవడానికి కారణం అది. ఇది మేం పెట్టిన కార్యక్రమం కాదు, మేం రాకపోయినా జరిగేదే. ట్రిప్‌లో నాకు నచ్చిన మొదటి సంగతి ఇదే. మేం పోయాం కాబట్టి ఆటలు ఇంకాస్త ఎక్కువయ్యాయి, వంటకి చేతులు ఎక్కువయ్యాయి, అంతే.

శిబిరం నడిపేది ఊళ్లోని ఒక దీదీ. పాతికేళ్లుంటాయి, మామూలు రోజుల్లో కూరగాయలు బేరానికి పంపే పని. మేం తెచ్చిన వీబీఎస్ కిట్ విప్పితే అందులో చార్టులన్నీ ఇంగ్లీషులో, బొమ్మల్లో పడవలూ వలలూ. అక్కడి పిల్లలెవరూ సముద్రం చూడలేదు, వాళ్ల దేశానికే సముద్రం లేదు. భీమిలిలోనో కళింగపట్నంలోనో అయితే బ్రహ్మాండంగా నడిచే కిట్. గ్లూ బాటిళ్లు దారిలోనే గడ్డకట్టాయి. దీదీ చార్టుల్ని మర్యాదగా గోడకి ఆనించి, తన కథ తను చెప్పుకుంది.

తప్పిపోయిన గొర్రె కథ. ఆమె కథలో గొర్రె మేకైపోయింది, ఎందుకంటే ఆ పిల్లలు రోజూ కాసేవి మేకలు. వంద మేకల్లో ఒకటి లోయవైపు జారిపోయింది, కాపరి దాన్ని వెతుక్కుంటూ పోయాడు అనగానే ముందు వరసలో కూర్చున్న ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. ముక్కు చీదుకుంటూ, సీరియస్‌గా, ఏదో అడిగాడు. పిల్లలందరూ వాడి వైపే తిరిగారు. పక్కనున్న పెద్ద పిల్లాడు నాకు హిందీలో చెప్పాడు: "మిగిలిన తొంభైతొమ్మిదిని ఎక్కడ కట్టేసి వెళ్లాడు, చిరుతపులి వస్తే ఏంగాను అని అడుగుతున్నాడు." నేను ఇన్నేళ్లుగా ఆ కథ చెబుతున్నాను, మా పిల్లల్లో ఒక్కడూ ఈ ప్రశ్న అడగలేదు. మాకు చిరుతపులులు లేవు గదా. దీదీ తడుముకోలేదు. కాపరికి ఒక చెల్లెలుంది, ఆమె చేతిలో కొడవలి ఉంది, ఆమెని కాపలా పెట్టి వెళ్లాడు అంది. కుర్రాడు ఆలోచించి కూర్చున్నాడు. ఆ తర్వాత కథ ముందుకెళ్లింది. మా టీములో ఒక సిస్టర్ "బైబిల్లో చెల్లెలు లేదు కదా" అని నా చెవిలో గొణిగారు. లేదు నిజమే. కానీ ఆ షెడ్డులో ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కర్తే, మాలో ఎవరం కాదు.

కాబట్టి అక్కడ మన పని ఏమిటంటే బంతి విసరడం, ప్లేట్లు కడగడం, రంగుకాగితాలు కత్తిరించడం, పాటకి చప్పట్లు కొట్టడం. "నేను ప్రసంగం చేస్తాను" అని సూట్‌కేసులో నోట్సు పెట్టుకొచ్చినవాళ్లకి నిరాశే. మా పెద్దన్నయ్య వయసున్న ఒకాయన మూడో రోజు వరకు అలిగి కూర్చున్నారు. తర్వాత కర్రాబిళ్ళ ఆటలోకి దిగారు. వాళ్లు దాన్ని దండీబియో అంటారు. మన ఆటే, కొలతల్లో తేడా. ఆయన కొట్టిన బిళ్ళ కాలీఫ్లవర్ మడిలో పడితే వెతకడానికి పాతికమంది పిల్లలు దిగారు, మడి ఆసామి కేకలు. 2017లో వాలీబాల్‌ని జాతీయ క్రీడగా ప్రకటించేవరకు నేపాల్‌లో జనం దండీబియోనే తమ జాతీయ ఆట అనుకునేవారని పాస్టరుగారు చెప్పారు. ఆ సాయంత్రం నుంచి ఆ అలిగినాయన్ని "సర్ సర్" అంటూ పిల్లలు వదల్లేదు.

తిండి గురించి బెంగ పెట్టుకోవద్దు. పొద్దున పదింటికి ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి పప్పూ అన్నం కూర, పక్కన ముల్లంగి పచ్చడి. గుంద్రుక్ అని ఆకుకూరని పులియబెట్టి ఎండబెట్టి పులుసు కాస్తారు, పుల్లగా బాగుంటుంది. చోడి (రాగి) పిండితో ధిడో అని చేస్తారు, మనవాళ్లకి అలవాటైన రుచే. ఆవకాయ సీసా తీసుకెళ్లినవాళ్లు రెండో రోజుకి దాన్ని దీదీకే ఇచ్చేశారు. స్వెటర్లు మాత్రం నిజంగా మందపువి కావాలి. అక్టోబర్లో విజయనగరంలో ఫ్యాన్ కింద పడుకుని సర్దుకున్న బట్టలు అక్కడ పనికిరావు.

నా వరకు నేను ఒక చిన్న ఫోటో ప్రింటరు, కాగితాలు పట్టుకెళ్లాను. సంస్థ వాళ్లు చెప్పింది కాదు, నా సరదా. మొదటి రోజే పాస్టరుగారిని అడిగి, పిల్లల్ని ఒంటరిగా తీయను, అమ్మానాన్నలు ఉంటేనే తీస్తాను, తీసిన ఫోటో వాళ్లకే ఇస్తాను అని చెప్పించాను. మర్నాటికి చర్చి బయట వరస. ఆడవాళ్లు కొత్త శాలువాలు కప్పుకుని, పిల్లల జుట్టు నీళ్లతో దువ్వి తెచ్చారు. ఒక తండ్రి కుటుంబం ఫోటో అయ్యాక తన ఒక్కడిదే ఇంకోటి తీయమన్నాడు, వెనక తెల్లగుడ్డ కట్టి. మలేషియా వెళ్తున్నాడట, కాగితాలకి కావాలి. నేను నవ్వేశాను. శ్రీకాకుళం ఉద్దానం కుర్రాళ్లకి గల్ఫ్ కాగితాల కోసం ఇవే ఫోటోలు తీసి తీసి నా చెయ్యి అరిగింది. గడ్డం ఎత్తు, చెవులు కనబడాలి, నవ్వొద్దు అని సైగ చేశాను. వాడి కూతురు పక్కన నిలబడి అదే సైగ నాలాగే చేసి చూపించింది. తెల్లగుడ్డ పట్టుకున్నది ఆ పాపే.

ఆ రోజులకి ఐదు ఎందుకు వేశానో ఇప్పటికి అర్థమై ఉంటుంది. మిగిలింది చెప్తాను.

ఊరి నుంచి బయల్దేరే ముందు రోజు బ్యాగుల పంపిణీ. స్కూలు బ్యాగు, అందులో పుస్తకాలు, పెన్సిళ్లు. మన దగ్గర సేకరించిన కానుకలతో కొన్నవే. ఎవరికి అవసరమో ఆ సంఘం పెద్దలకి తెలుసు, వాళ్ల చేతికిస్తే అయిపోయేది. అలా కాకుండా బ్యానరు కట్టి, ఒక్కొక్క పిల్లని పిలిచి, మాలో ఒక్కొక్కరి చేత ఇప్పించి, ఫోటో. ఫోటోగ్రాఫరు నేనే గదా. ఎనిమిదేళ్ల పిల్ల ఒకత్తి తన పాత బ్యాగు తగిలించుకునే వచ్చింది. ఎర్రది, జిప్పులన్నీ బాగానే ఉన్నాయి, పైన సీతాకోకచిలుక స్టిక్కరు. మేమిచ్చే బ్యాగుకన్నా అదే బాగుంది. నిర్వాహకుల్లో ఒకరు ఆ బ్యాగు తీసి స్తంభం వెనక పెట్టించారు. స్వెటరు కూడా విప్పమన్నారు, కింద చొక్కా కాస్త వెలిసిపోయి ఉంది. "బ్రదర్, నవ్వకుండా తీయండి, ఇచ్చాక నవ్వేది ఇంకోటి తీయండి" అని నాకు చెప్పారు. మలేషియా వెళ్లేవాడి ఫోటోలో నవ్వొద్దనడానికి గవర్నమెంటు రూలుంది. ఈ పిల్లకి ఏ రూలు? నేను తీయనన్నాను. లీడర్ బ్రదర్ కాసేపు నచ్చజెప్పి, తర్వాత ఆయన ఫోన్‌తో ఆయనే తీసుకున్నారు. పిల్ల చలికి భుజాలు దగ్గరికి తీసుకుని నిలబడింది. తర్వాత స్తంభం వెనక్కెళ్లి తన ఎర్ర బ్యాగు తెచ్చుకుని, కొత్త బ్యాగుని దాంట్లో దూర్చాలని చూసింది, పట్టలేదు.

ఆ ఫోటో ఈ ఏడాది పాంప్లెట్‌లో లేదు, అంతవరకు సంతోషం. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తిరిగింది, మొహం కనిపించేలా, ఊరి పేరుతో సహా. 158వ సెక్షన్ గురించి అంత జాగ్రత్తలు చెప్పినవాళ్లే పెట్టారు.

చివరి మజిలీ ఖాట్మండూ. ఒక పూట ఊరు చూపించి, మధ్యాహ్నం ఒక పిల్లల హోముకి తీసుకెళ్లారు. గేటు దగ్గరే వరసగా, తలకి నూనె రాసి, ఒకే రంగు బట్టల్లో, పెళ్లిచూపులకి నిలబెట్టినట్టు నిలబెట్టారు పిల్లల్ని. ఇంగ్లీషులో స్వాగతం పాట పాడారు. ఎంత బాగా పాడారంటే, ఎన్నిసార్లు పాడితే అలా వస్తుందో నాకు తెలుసు. లోపల టేబుల్ మీద సందర్శకుల రిజిస్టరు. సంతకం పెట్టమన్నారు. పేజీ తిప్పి చూశాను. మా ముందురోజు ఒక టీము, దాని ముందురోజు ఇంకొకటి, వెనక్కి తిప్పినకొద్దీ అన్ని దేశాల చేతిరాతలు, అన్నింట్లో ఒకటే మాట: ఈ పిల్లల్ని ఎప్పటికీ మర్చిపోం. మర్నాడు ఇంకెవరో వచ్చి అదే రాస్తారు.

"తల్లిదండ్రులు లేని బిడ్డలు" అని హోము నిర్వాహకుడు పరిచయం చేశాడు. పదేళ్ల కుర్రాడొకడు హిందీ బాగా మాట్లాడుతున్నాడు. దసైన్‌కి ఏం చేశావు అని మామూలుగా అడిగాను. అమ్మ ఫోన్ చేసింది అన్నాడు. ఊరు దూరమట, వచ్చే ఏడు తీసుకెళ్తానందట. వాడేమీ రహస్యం చెప్పినట్టు చెప్పలేదు.

ఇది ఆ ఒక్క హోము గొడవ కాదు. నేపాల్ పిల్లల హోముల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. హోములు కూడా ఎక్కువగా ఖాట్మండూ, పోఖరా లాంటి టూరిస్టులు తిరిగే చోట్లే ఉంటాయి. దూరపు కొండ జిల్లాల్లో మంచి చదువు చెప్పిస్తామని తల్లిదండ్రుల దగ్గర డబ్బు కూడా పుచ్చుకుని పిల్లల్ని తెచ్చే దళారులు ఉన్నారు. తెచ్చాక వాళ్లని అనాథలంటారు, ఎందుకంటే అనాథ అంటేనే కానుకల కవరు బరువుగా వస్తుంది. మన టీములాంటివి ఎన్నొస్తే అంత బేరం. పిల్లవాడికి చదువు కావాలంటే ఆ డబ్బు ఊళ్లో బడికి, అమ్మ చేతికి పోవాలి. మేం కవరు ఇచ్చాం, రసీదు ఇవ్వలేదు.

ఇంకో సంగతి, దీనికి నేనెక్కువ భయపడ్డాను. టీములో ఎవరికి బుద్ధిపుడితే వాళ్లు పిల్లల పడకగదుల్లోకి వెళ్లిపోయారు. ఎత్తుకోవడాలు, ఒళ్లో కూర్చోబెట్టుకోవడాలు, సెల్ఫీలు. అడిగినవాడు లేడు. మా సండే స్కూల్‌లో పోక్సో చట్టం వచ్చాక కొన్నాళ్లకి రూలు పెట్టుకున్నాం: ఏ టీచరూ పిల్లతో తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. విజయనగరంలో మా సొంత పిల్లల మధ్య పాటించేది పరాయిదేశం పిల్లల దగ్గర ఎందుకు లేదు? నిజానికి పేరిచ్చినప్పుడు నా గురించి సంస్థ అడిగింది పాస్టరుగారి ఉత్తరం, టీషర్టు సైజు. పోలీసు వెరిఫికేషన్ మాట లేదు. నేను మంచివాడినే, కానీ వాళ్లకెలా తెలుసు?

టీములో తోటివాళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మంచివాళ్లే. కుర్రకారు రీల్స్ పిచ్చి ఉంది, అది ఎక్కడైనా ఉన్నదే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక నర్సు సిస్టర్ మాత్రం బంగారం. ఒక్క రోజు కూడా స్టేజీ ఎక్కకుండా, పిల్లల గోళ్లు కత్తిరించి, చెవుల్లో చీము చూసి, ఎవరిని హెటౌడా ఆసుపత్రికి తీసుకెళ్లాలో చీటీ రాసి దీదీకిచ్చారు. అలాంటివాళ్లు నలుగురు వెళ్తే చాలు.

ఎవరైనా వెళ్లాలనుకుంటే డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి. అక్కడ కార్యక్రమం ఎవరిది, మీరు రాకపోతే జరుగుతుందా? పిల్లలకి పాఠం చెప్పేది ఆ ఊరివాళ్లా, మీ టీమా? ఫోటోల రూలు రాతలో ఉందా? పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్ల గురించి వాకబు చేస్తారా? హోము విజిట్ ఉందా? మొదటిదానికి ఈ సంస్థ దగ్గర మంచి జవాబుంది, రెండోదానికీ ఉంది. మిగిలినవాటికి నేను వెళ్లేనాటికి లేదు. అడిగితే నొచ్చుకునే సంస్థ అయితే వదిలేయండి. వీళ్లు నొచ్చుకోలేదు, అది వాళ్ల మంచితనం కిందే రాస్తున్నాను.

వచ్చాక ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం పంపారు. బస, భోజనం, పాటలు, నాయకత్వం, ఒక్కొక్కదానికి మార్కులు. పిల్లల గురించి కాలమ్ లేదు. కింద ఖాళీలో బ్యాగుల ఫోటో సంగతి, హోము సంగతి వివరంగా రాశాను. రెండు రోజులకి ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. అరగంట ఓపిగ్గా విన్నారు. ఫోటోల గురించి మీరన్నది నిజమే, గ్రూపుల్లోంచి తీయించేస్తాం అన్నారు. హోము దగ్గరికొచ్చేసరికి "అది లేకపోతే టీములు రావు బ్రదర్, ఊళ్లో ప్లేట్లు కడగడానికి 27,000 ఎవరు కడతారు?" అన్నారు. నేను కడతాను అన్నాను. నవ్వారు.

ఈ ఏడు పాంప్లెట్ వచ్చింది. ధర 29,500 చేశారు, ఇన్సూరెన్స్ కలిపారు, ఐడీ ప్రూఫ్ దగ్గర పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు అని సరిగ్గా వేశారు. హోము విజిట్ అలాగే ఉంది. నిజానికి తిరుగు రైలు ఎలాగూ రక్సౌల్ నుంచే కాబట్టి ఖాట్మండూ వెళ్లాల్సిన పనే లేదు, ఊరి నుంచి హెటౌడా దిగి నేరుగా బీర్‌గంజ్ వచ్చేయొచ్చు, ఒక రోజు మిగులుతుంది కూడా. అలా ముందే దిగిపోయే ఒప్పందం మీద అయితే పేరిస్తాను, కావాలంటే ఆ రోజు డబ్బులు కూడా ఇచ్చేస్తాను అని మెసేజ్ పెట్టాను. నర్సు సిస్టర్ కూడా అదే పెట్టారు. ఇంకా జవాబు రాలేదు. వస్తే కింద కలుపుతాను.